గుంటూరు బస్సెక్కక ముందే మీ షాపు కనపడాలంటే

ప్రశ్న: నరసరావుపేటలో నాలుగేళ్లుగా కంప్యూటర్ షాపు నడుపుతున్నాను. ల్యాప్‌టాప్‌లు, అసెంబుల్డ్ సిస్టమ్‌లు, ప్రింటర్లు, యూపీఎస్‌లు అమ్ముతాం, సర్వీసు కూడా చేస్తాం. రొంపిచర్ల, నకరికల్లు, ముప్పాళ్ల వైపు వాళ్లు పిల్లల చదువులకు ల్యాప్‌టాప్ కావాలంటే గుంటూరు బ్రాడీపేటకు వెళ్తున్నారు. కొందరు సికింద్రాబాద్ సీటీసీ (కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్) దాకా పోతున్నారు. తీరా రిపేరు వస్తే మాత్రం మా దగ్గరికి తెచ్చి, "ఇక్కడ షాపుందని తెలియదండీ" అంటున్నారు. పదివేల పాంప్లెట్లు పంచాను, రెండు సెంటర్లలో ఫ్లెక్సీలు కట్టాను. ఫేస్‌బుక్‌లో పోస్టు బూస్ట్ చేస్తే లైకులు బాగానే వచ్చాయి గానీ మనుషులు రాలేదు. నెలకు 15 వేలకు మించి పెట్టలేను. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం: ఇంకో రూపాయి ఖర్చు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. నకరికల్లులోనో ముప్పాళ్లలోనో మీ షాపు ఎప్పుడూ చూడని మనిషి ఒకరిని పట్టుకోండి. బంధువైనా, స్నేహితుడి తమ్ముడైనా సరే. మీ పేరు చెప్పకుండా, "నరసరావుపేటలో ల్యాప్‌టాప్ ఎక్కడ దొరుకుతుందో ఫోన్లో వెతికి, అక్కడికి ఫోన్ చేసి ఒక మోడల్ ధర అడిగి, ఆ తర్వాత బస్సులో వచ్చి షాపు చేరుకో" అని పంపండి. ఎక్కడ ఆగిపోయాడో రాసుకోమనండి. ఇలాంటి పరీక్షలో సాధారణంగా మూడు చోట్ల దారి తెగుతుంది. వెతికినప్పుడు షాపు కనపడదు. కనపడినా ఫోన్ ఎత్తరు. ఎత్తినా మ్యాప్ పక్క వీధిలోకి తీసుకెళ్తుంది. ఈ మూడింటిలో ఏది తెగి ఉన్నా, దాని మీద పెట్టే ప్రకటన డబ్బు కన్నం పడ్డ బిందెలో పోసిన నీళ్లే.

పాంప్లెట్ల సంగతి. చీరల షాపుకు పదివేల పాంప్లెట్లు పనిచేస్తాయి, ఎందుకంటే ఏ నెలలో చూసినా ఆ పదివేల ఇళ్లలో చాలా ఇళ్లకు బట్టల పని ఉంటుంది. కంప్యూటర్ ఒక ఇంట్లో నాలుగైదేళ్లకు ఒకసారి కొంటారు. మీ కాగితం అందిన వారంలో కొనాలనుకుంటున్న ఇళ్లు ఎన్నో ఉండవు. మిగతావాళ్లు దాన్ని అటక మీద అరల్లో పరిచేస్తారు. ఆరు నెలల తర్వాత వాళ్ల అమ్మాయికి ఇంజనీరింగ్ సీటు వచ్చిన రోజున ఆ కాగితం గుర్తుండదు. కాబట్టి మీలాంటి షాపుకు పనికొచ్చే ప్రకటనలు రెండు రకాలే. అవసరం పడి వెతుకుతున్న గంటలో కంటికి కనపడేది ఒకటి. అవసరం పడేదాకా అక్కడే అతుక్కుని ఉండేది ఇంకొకటి. మొదటిదానికి ఫోను, రెండోదానికి స్టిక్కరు. మిగతావన్నీ వీటి తర్వాతే.

ముందు మ్యాప్ సరిచేయండి. గూగుల్‌లో, మ్యాప్‌లో వెతికితే మీ షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు పైసా ఖర్చు లేదు. "గూగుల్ నుంచి మాట్లాడుతున్నాం, లిస్టింగ్‌కు ఏడాదికి ఇంత కట్టాలి" అని వచ్చే ఫోన్లకు డబ్బు ఇవ్వకండి. ముందుగా మీ షాపు పేరుతో గానీ, మీకన్నా ముందు ఆ గదిలో ఉన్న షాపు పేరుతో గానీ పాత గుర్తు ఏదైనా ఉందేమో చూడండి. మీ పేరుతో ఉంటే కొత్తది తెరవకుండా దాన్నే మీ అధీనంలోకి తీసుకోండి. ఒకే షాపుకు రెండు గుర్తులుంటే రివ్యూలు రెండుగా చీలిపోతాయి, ఒకదానిలో పాత ఫోన్ నంబరు మిగిలిపోతుంది. ఖాళీ చేసి వెళ్లిపోయిన షాపుదైతే "శాశ్వతంగా మూసేశారు" అని సవరణ పంపండి.

పేరు మీ బోర్డు మీద ఉన్నట్టే ఉండాలి. పేరు పక్కన "బెస్ట్ ల్యాప్‌టాప్ షాప్ నరసరావుపేట" అని తగిలించమని చెప్పేవాళ్లు ఉంటారు. అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ఫిర్యాదు వెళ్తే ప్రొఫైల్ మొత్తం ఆగిపోవచ్చు. కష్టపడి సంపాదించిన రివ్యూలు ఆ ఒక్క అత్యాశకు కనపడకుండా పోతాయి. వెతికేవాళ్లు వాడే మాటలకు సరిపోయే వర్గాన్ని (కేటగిరీ) ఎంచుకోండి. ప్రధాన వర్గం "కంప్యూటర్ స్టోర్", అదనపు వర్గాలుగా కంప్యూటర్ రిపేర్ సర్వీసు వంటివి చేర్చవచ్చు. అమ్మనివి చేర్చకండి.

షాపు మీదేనా అని సరిచూడటానికి గూగుల్ ఇప్పుడు చాలామందిని వీడియో అడుగుతోంది. తీసేటప్పుడు మధ్యలో ఆపకూడదు, అతికించకూడదు. వీధి మలుపు, పక్క షాపుల బోర్డులు చూపిస్తూ నడిచి, మీ బోర్డు చూపించి, తాళం తీసి షట్టర్ ఎత్తి, లోపల సరుకు, బిల్లింగ్ టేబుల్ చూపించాలి. షాపు మీదేనని తెలిసేది ఆ తాళం తీయడంలోనే. దాన్ని వదిలేసి లోపలి అల్మారాలు మాత్రమే తీసి పంపితే తిరగ్గొట్టే అవకాశం ఎక్కువ.

మ్యాప్‌లో గుర్తు మీ షాపు తలుపు మీద పడాలి. చిరునామా టైప్ చేస్తే గూగుల్ దానంతట అది పెట్టే గుర్తును నమ్మకండి. మన ఊళ్లలో డోర్ నంబర్లు వరసగా ఉండవు, అది వీధి మధ్యలోనో వెనక సందులోనో పడుతుంది. ఉపగ్రహ చిత్రంలో మీ కప్పును గుర్తుపట్టి గుర్తును చేత్తో జరపండి. కాంప్లెక్స్‌లో మొదటి అంతస్తులో ఉంటే ఆ సంగతి చిరునామాలోనే రాయండి. ఫొటోల్లో మొదటిది రోడ్డు అవతలి నుంచి, పగటి వెలుగులో, పక్కనున్న బ్యాంకో మెడికల్ షాపో కనపడేలా తీసినదై ఉండాలి. కంపెనీ వెబ్‌సైట్ నుంచి దించిన ల్యాప్‌టాప్ బొమ్మలు షాపు వెతుక్కునేవాడికి ఎందుకూ పనికిరావు. పండగ సెలవులు, ఆదివారం వేళలు ముందే మార్చి పెట్టండి. "తెరిచి ఉంది" అని చూసి ఇరవై కిలోమీటర్లు వచ్చినవాడికి మూసిన షట్టర్ కనపడితే ఆ మనిషి మళ్లీ రాడు, వాళ్ల ఊళ్లోనూ చెప్తాడు.

ఏ షాపు పైన కనపడాలో తేల్చడానికి గూగుల్ మూడింటిని చూస్తానని చెబుతుంది: వెతికినదానికి ఎంత సరిపోయింది, వెతికే మనిషికి ఎంత దగ్గర, ఎంతమందికి తెలిసిన షాపు. దూరం మీ చేతిలో లేదు. మిగతా రెండూ మీ చేతిలోవే, అందులో రివ్యూల పాత్ర పెద్దది. సరుకు అప్పగించి, విండోస్ ఆన్ చేసి చూపించి, బిల్లు చేతికిచ్చిన నిమిషంలో అడగండి. కౌంటర్ మీద క్యూఆర్ కోడ్ పెట్టండి. "ఏం కొన్నారో, ఏ ఊరి నుంచి వచ్చారో తెలుగులోనే రాయండి" అని చెప్పండి. రొంపిచర్ల నుంచి వచ్చి ప్రింటర్ కొన్నాను అని ఒకరు రాస్తే, ఆ ఊరివాళ్లు చదివినప్పుడు దాని బలమే వేరు. రివ్యూ రాస్తే మౌస్ ఉచితం అనకండి, బహుమతికి రాయించిన రివ్యూలు నిషిద్ధం. చెడ్డ రివ్యూ వస్తే వాదన పెట్టుకోకుండా, ఏం జరిగిందో రెండు వాక్యాల్లో రాసి, ఏం చేస్తారో చెప్పండి. దాన్ని రాసినవాడికన్నా తర్వాత చదివేవాళ్లే ఎక్కువమంది.

ఇక ఫోను. ప్రకటనల్లో ఇచ్చే నంబరు సర్వీసు బెంచీ దగ్గర కూర్చునే కుర్రాడిది కాకూడదు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్న మనిషి ఫోన్ ఎత్తడు, ఎత్తినా "షాపుకొచ్చి చూడండి సార్" అంటాడు. ఆ మాట విన్నవాడు అదే గంటలో గుంటూరు షాపుకు ఫోన్ చేస్తాడు. ప్రకటనలకు విడిగా ఒక సిమ్ తీసుకుని దాని మీద వాట్సాప్ బిజినెస్ పెట్టండి. స్వాగత సందేశంలో మ్యాప్ లింకు, వేళలు, బస్టాండ్ నుంచి దారి ఉండాలి. క్యాటలాగ్‌లో ఆ వారం నిజంగా షాపులో ఉన్న ఆరేడు మోడళ్లు చాలు. జస్ట్‌డయల్‌లో కూడా ఉచిత లిస్టింగ్ పెట్టుకోండి. అయితే అక్కడ ఒకరు అడిగిన ఎంక్వైరీ ఒకేసారి పలు షాపులకు వెళ్తుంది, పది నిమిషాల్లో ఫోన్ చేయలేకపోతే ఆ ఎంక్వైరీ మీది కానట్టే. డబ్బు కట్టే ప్యాకేజీ మీ స్థాయికి ఇప్పుడే వద్దు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మీరు "దగ్గర" అన్న మాటను కిలోమీటర్లలో లెక్కిస్తున్నారు. పల్లె నుంచి వచ్చే మనిషి బస్సుల్లో లెక్కిస్తాడు. గుంటూరు సుమారు 45 కిలోమీటర్లే అయినా నేరుగా బస్సుంటే అది అతనికి దూరం కాదు. నరసరావుపేటలో బస్సు దిగాక మీ షాపు ఎటు ఉందో తెలియకపోతే అదే దూరం. అందుకే మీ ప్రతి ప్రకటనలో మొదటి లైన్ ఆఫర్ కాదు, దారి కావాలి. "పల్నాడు బస్టాండ్‌లో దిగి, ఫలానా రోడ్డులో, ఫలానా బ్యాంకు ఎదురుగా, నడిస్తే ఎనిమిది నిమిషాలు" అన్నట్టుగా. నిజంగా నడిచి కొలిచిన నిమిషాలే రాయండి. మీ ఫ్లెక్సీలు కట్టిన చోటు కూడా ఇందుకే మార్చాలి. ఊరంతా తిరిగే సెంటర్‌లో నాయకుల ఫ్లెక్సీల మధ్య మీది ఎవరూ చదవరు. బస్టాండ్ నుంచి బయటికొచ్చే దారిలో బాణం గుర్తుతో ఒక చిన్న బోర్డు, మీ వీధి మలుపులో ఇంకొకటి, రెండే. గోడ యజమానిని అడగండి, మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. అనుమతి లేనివి పీకేస్తే పెట్టిన ఖర్చు పోయినట్టే. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభల దారిలో బోర్డు పెట్టమని ఎవరైనా అడిగితే మొహమాటపడకుండా వద్దనండి. జనం లక్షల్లో వస్తారు, నిజమే, కానీ ఆ రోజు వాళ్లు వచ్చింది త్రికోటేశ్వరస్వామి కోసం.

ఇప్పుడు డబ్బు పెట్టే ప్రకటనలు. మీ 15 వేలను ఇలా విడదీయండి: గూగుల్ సెర్చ్‌కు రోజుకు 200 చొప్పున నెలకు 6,000, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లకు 3,000, స్టిక్కర్లు, చిన్న బోర్డులు, పాంప్లెట్లకు 2,500. మొదటి రెండింటి మీద 18 శాతం జీఎస్‌టీ మరో 1,620 పడుతుంది. మీరు రెగ్యులర్ పన్నుదారైతే మీ జీఎస్‌టీ నంబర్ రెండు ఖాతాల్లోనూ ఎక్కించండి, ఆ పన్ను ఇన్‌పుట్‌గా వస్తుంది, అంటే మీరు కట్టాల్సిన జీఎస్‌టీలో తగ్గుతుంది. చిన్న వ్యాపారుల కాంపోజిషన్ పథకంలో ఉంటే రాదు. మిగిలిన 1,880 ఖర్చు చేయకండి, నెలనెలా దాచి అడ్మిషన్ల సీజన్‌లో వాడండి.

గూగుల్ యాడ్స్ ఖాతా తెరవగానే అది మిమ్మల్ని సులువు దారిలో లాగుతుంది. తొందరపడకుండా నిపుణుల పద్ధతికి (ఎక్స్‌పర్ట్ మోడ్) మారి, సెర్చ్ ప్రచారం ఒక్కటే ఎంచుకోండి. డిస్‌ప్లే నెట్‌వర్క్, సెర్చ్ భాగస్వాములు అన్న రెండు టిక్కులూ తీసేయండి. తీయకపోతే మీ డబ్బులో కొంత, పిల్లలు ఆడే గేముల మధ్య పొరపాటున పడే నొక్కులకు పోతుంది. ప్రాంతం దగ్గర అందరూ చేసే తప్పు ఒకటుంది. అక్కడ మొదటి నుంచీ ఎంపికై ఉండేది "ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు లేదా ఈ ప్రాంతం మీద ఆసక్తి చూపినవాళ్లు". దాన్ని "ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లు" అని మార్చాలి. మార్చకపోతే బెంగళూరులో కూర్చుని నరసరావుపేట గురించి ఏదో వెతికిన మనిషికి కూడా మీ ప్రకటన చూపించి డబ్బు తీసుకోవచ్చు.

షాపు చుట్టూ 25 కిలోమీటర్ల వృత్తం ఒకటి గీసేయకండి. అలా గీస్తే చిలకలూరిపేట, సత్తెనపల్లి కూడా అందులో పడతాయి, ఆ ఊళ్లలో వాళ్ల షాపులు వాళ్లకున్నాయి. షాపు చుట్టూ ఒక వృత్తం, రొంపిచర్ల, నకరికల్లు, ముప్పాళ్ల చుట్టూ ఏడెనిమిది కిలోమీటర్ల వృత్తాలు విడివిడిగా గీయండి. చిలకలూరిపేటను మినహాయింపులో పెట్టండి. మరీ రెండు మూడు కిలోమీటర్లకు కుదించకండి. పల్లెల్లో ఫోన్ ఎక్కడుందో కచ్చితంగా అందక, ప్రకటన అసలు నడవదు.

కీవర్డులు, అంటే జనం ఏ మాటలు వెతికితే మీ ప్రకటన రావాలో ఆ మాటలు, పాతిక చాలు. మనవాళ్లు మాట్లాడేది తెలుగైనా వెతికేది ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాల్లో. "కంప్యూటర్ షాప్ నరసరావుపేట", "ల్యాప్‌టాప్ షాప్ నియర్ మీ", "ప్రింటర్ షాప్ నియర్ మీ", "సీసీ కెమెరా షాప్ నరసరావుపేట" వంటివి ఇంగ్లీషు అక్షరాల్లోనూ తెలుగు లిపిలోనూ పెట్టండి. భాషలు ఎంచుకోమని అడిగితే ఇంగ్లీషు, తెలుగు రెండూ ఎంచుకోండి. తెలుగు ఒక్కటే ఎంచుకుంటే, ఫోన్ ఇంగ్లీషులో పెట్టుకున్నవాళ్లలో చాలామంది తప్పిపోతారు. దగ్గరి మాటలన్నిటికీ ప్రకటన చూపించే బ్రాడ్ మ్యాచ్ వద్దు, మీరిచ్చిన మాటకే కట్టుబడే ఫ్రేజ్, ఎగ్జాక్ట్ మ్యాచ్‌లు చాలు. వద్దనుకునే మాటల జాబితా మొదటి రోజే ఎక్కించాలి: జాబ్స్, కోర్స్, ఇన్‌స్టిట్యూట్, డ్రైవర్ డౌన్‌లోడ్, వాల్‌పేపర్, కస్టమర్ కేర్, ఉచితం, మీరు పాతవి అమ్మకపోతే సెకండ్ హ్యాండ్. "కంప్యూటర్" అని వెతికేవాళ్లలో కోర్సు కోసం వెతికేవాళ్లు చాలామంది ఉంటారు. వారానికొకసారి, జనం నిజంగా ఏ మాటలు టైప్ చేసి మీ ప్రకటన నొక్కారో చూపించే నివేదిక తెరిచి, పనికిరాని మాటలను ఈ జాబితాలోకి నెట్టండి. మొదటి నెలలో ఇంతకన్నా ముఖ్యమైన పని లేదు.

ప్రకటన వేళలు మీ షాపు వేళలే. రాత్రి పదకొండుకు నొక్కినవాడి ఫోన్ ఎత్తేవారు లేనప్పుడు ఆ నొక్కుకు డబ్బెందుకు? బిజినెస్ ప్రొఫైల్‌ను యాడ్స్ ఖాతాకు కలిపితే ప్రకటన కింద చిరునామా వస్తుంది, కాల్ అసెట్ (ప్రకటనకు జోడించే ఫోన్ నంబరు) పెడితే అక్కడి నుంచే ఫోన్ చేయవచ్చు. బిడ్డింగ్‌లో, అంటే నొక్కుకు ఎంత ఇవ్వాలో తేల్చే చోట, మొదటి నెల ఎక్కువ క్లిక్కుల పద్ధతి పెట్టి, ఒక్కో నొక్కుకు గరిష్ఠ ధర మీరే కట్టడి చేయండి. రోజుకు 200 అన్నా ఒక్కోరోజు 400 దాకా తీసుకుంటుంది, కంగారుపడకండి. నెల మొత్తం మీద రోజువారీ బడ్జెట్‌కు 30.4 రెట్లు దాటదు. హెడ్‌లైన్‌కు 30 అక్షరాలే చోటు. తెలుగులో రాస్తే గుణింతాలు, ఒత్తులు విడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి కాగితం మీద సరిపోయిన మాట అక్కడ పట్టదు. "నరసరావుపేటలో ల్యాప్‌టాప్‌లు" వంటి చిన్న మాటలే నిలుస్తాయి. రిపేరు, వైరస్ తొలగింపు, టెక్నికల్ సపోర్ట్ అన్న మాటలు ప్రకటనలో రాయకండి. బయటివాళ్లు ఇచ్చే సాంకేతిక సహాయం మీద గూగుల్ గట్టి ఆంక్షలు పెట్టింది, ప్రకటన తిరస్కరిస్తారు. ప్రకటన అమ్మకానికే ఉంచండి, సర్వీసు సంగతి ప్రొఫైల్‌లో ఎలాగూ కనపడుతుంది.

ఫేస్‌బుక్‌లో మీకు లైకులు వచ్చి మనుషులు రాకపోవడానికి కారణం సులువు. బూస్ట్ బటన్ నొక్కినప్పుడు లక్ష్యం మార్చకపోతే, చాలాసార్లు లైకు కొట్టే అలవాటున్నవాళ్లను వెతికి మరీ మీ పోస్టు చూపిస్తుంది. మీరు అడిగిందే అది తెచ్చిపెట్టింది. ఈసారి యాడ్స్ మేనేజర్‌లో, నొక్కితే వాట్సాప్ తెరుచుకునే ప్రకటన పెట్టండి. ఊరి పేరు ఇవ్వగానే చుట్టూ 40 కిలోమీటర్లు తీసుకుంటుందేమో చూడండి. అంత ఉంటే గుంటూరు అంచుల దాకా పోతుంది, తగ్గించండి. రెండు ప్రకటనలు విడిగా నడపండి: 38 నుంచి 55 ఏళ్ల వాళ్లకు ఫేస్‌బుక్‌లో, 18 నుంచి 24 వాళ్లకు ఇన్‌స్టాగ్రామ్‌లో. తల్లిదండ్రుల ప్రకటనలో బిల్లు, వారంటీ, రిపేరు ఎవరు చూస్తారన్నది ముందు రావాలి. పిల్లల దానిలో ప్రాసెసర్ తరం, ర్యామ్, పెంచుకునే ఖాళీ స్లాట్ ఉందా లేదా అన్నది.

ప్రకటనలో ఏం రాయాలన్నదే ఎక్కువమంది తేలిగ్గా తీసుకునే విషయం. "అన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు అతి తక్కువ ధరలకు" అన్న వాక్యం ఈ దేశంలో ప్రతి షాపూ రాస్తుంది, ఎవరినీ కదిలించదు. ఒక్క మోడల్ తీసుకోండి. పూర్తి మోడల్ నంబరు, ప్రాసెసర్ ఏ తరం, ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత, విండోస్ లైసెన్సుతో వస్తుందా, వారంటీ ఎన్నేళ్లు, ఇంటికొచ్చి చేస్తారా సెంటర్‌కు తీసుకెళ్లాలా, జీఎస్‌టీతో కలిపి ధర ఎంత, ఆ ధర ఏ తేదీ దాకా. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు వారం వారం మారుతున్నప్పుడు తేదీ లేని ధర మీ మెడకే చుట్టుకుంటుంది. "ఐ3 ల్యాప్‌టాప్" అని మాత్రమే రాసి పాత తరం అంటగడితే ఆ కొడుకో కూతురో కాలేజీకి వెళ్లిన మొదటి వారంలోనే తెలుసుకుంటారు. సరుకు లేకుండానే తక్కువ ధర వేసి షాపుకు రప్పించడం 2022లో కేంద్రం తెచ్చిన తప్పుదారి పట్టించే ప్రకటనల మార్గదర్శకాలకు కూడా విరుద్ధం. నాలుగు పీసులే ఉంటే నాలుగే ఉన్నాయని రాయండి. లైసెన్సు లేని విండోస్, ఆఫీస్ ఎక్కించి "ఉచితం" అని ప్రకటించడం చట్టం చేతికి మీరే ఆధారం ఇవ్వడం.

ఆన్‌లైన్‌లో కొన్నవాటికి వారంటీ ఉండదని కూడా రాయకండి, అది అబద్ధం. అసలైన అమ్మకందారు దగ్గర కొని బిల్లుంటే కంపెనీ వారంటీ ఉంటుంది. మీ బలం అది కాదు. కంప్లయింట్ మీరే నమోదు చేస్తారు, పాత సిస్టమ్‌లోని ఫొటోలు, ట్యాలీ డేటా కొత్తదానికి మారుస్తారు, ప్రింటర్ కలిపి టెస్ట్ పేజీ తీసి చూపిస్తారు. ఈ పనులు పార్సిల్‌లో రావు. ఇవి రాయండి. వ్యాపారులకైతే జీఎస్‌టీ ఇన్‌పుట్ ముఖ్యం. మీరు రెగ్యులర్ అయితేనే "జీఎస్‌టీ బిల్లు ఇస్తాం" అని వేయండి, కాంపోజిషన్ డీలర్ బిల్లు మీద కొన్నవారికి ఇన్‌పుట్ రాదు.

ఏ సరుకు మీద ప్రకటన పెట్టాలో కూడా లెక్క వేయాలి. ఉదాహరణకు నెలలో గూగుల్‌కు పన్నుతో 7,080 పోయింది, 30 ఫోన్లు వచ్చాయి, 9 మంది షాపుకొచ్చారు, నలుగురు కొన్నారు అనుకోండి. ఒక్కో కొనుగోలుదారుకు 1,770 పడింది. 40 వేల ల్యాప్‌టాప్ మీద మీకు 4 శాతం మిగిలితే 1,600. అమ్మిన ప్రతి ల్యాప్‌టాప్‌కూ నష్టం. అదే డెస్క్‌టాప్, యూపీఎస్, ప్రింటర్ కలిపి ఇచ్చే సెట్ అయినా, సీసీ కెమెరాల పని అయినా, పాత సిస్టమ్‌కు ఎస్‌ఎస్‌డీ వేయడం అయినా లెక్క వేరుగా ఉంటుంది. ఇక్కడ షాపు దగ్గరుండటానికి విలువ ఉంది. ల్యాప్‌టాప్ ధరలో బ్రాడీపేటతో పోటీపడటం కష్టం. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ ఆగిపోతే సాయంత్రానికి మనిషిని పంపడంలో బ్రాడీపేట మీతో పోటీపడలేదు. కాబట్టి ల్యాప్‌టాప్‌ను ప్రొఫైల్‌లో, వాట్సాప్‌లో చూపించండి. డబ్బు పెట్టే ప్రకటనల్లో సగానికి పైగా ఈ రెండో రకం మీద పెట్టండి.

దానికి ఇప్పుడు మంచి సందర్భం కూడా ఉంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. నెట్ సెంటర్లు, రైస్ మిల్లులు, స్కూళ్లలో పాత సిస్టమ్‌లు చాలానే దాని మీద నడుస్తున్నాయి. "మీ సిస్టమ్ విండోస్ 11కు పనికొస్తుందో లేదో ఉచితంగా చూసి చెబుతాం" అని ఒక ప్రకటన పెట్టండి. చూడాల్సింది టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచి, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ. బయాస్‌లో (సిస్టమ్ మూల సెట్టింగుల్లో) టీపీఎం ఆపేసి ఉన్నవి కొన్ని ఉంటాయి, ఆన్ చేస్తే చాలు. అలాంటి చోట కొత్తది అంటగట్టకండి. పనికొచ్చేదాన్ని పనికొస్తుందని చెప్పిన షాపుకే ఆ మిల్లువాళ్లు రేపు నాలుగు సిస్టమ్‌లకు ఆర్డరిస్తారు.

కంపెనీల సాయం మీరు అడగడం లేదనిపిస్తోంది. హెచ్‌పీ, డెల్, లెనోవో, ఏసర్, అసుస్‌లకు తమ వెబ్‌సైట్లలో "దగ్గరలోని స్టోర్" వెతికే పేజీలు ఉన్నాయి. మీరు సబ్‌డీలర్ అయితే అందులో పేరు దానంతట రాదు. మీకు సరుకిచ్చే డిస్ట్రిబ్యూటర్ ప్రతినిధిని పార్ట్‌నర్ నమోదు గురించి అడగండి. బ్రాండ్ బోర్డు, స్టాండీలు, పోస్టర్లు చాలాసార్లు ఉచితంగానే ఇస్తారు. పాంప్లెట్, పేపర్ ప్రకటనల ఖర్చులో వాటా కూడా అడగవచ్చు, కానీ ముందుగా మెయిల్‌లో అనుమతి తీసుకోవాలి. లోగో వాళ్లు చెప్పిన కొలతలో ఉండాలి. బిల్లు, ప్రచురితమైన కాగితం, ఫొటో జతచేయాలి. డబ్బు సాధారణంగా క్రెడిట్ నోటుగా, అంటే మీ ఖాతాలో జమగా వస్తుంది. ముందే వేసేసి తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు. అనుమతి లేకుండా "ఆథరైజ్డ్ డీలర్" అని మాత్రం రాసుకోకండి.

ఇక మొదట్లో అన్న స్టిక్కర్ల సంగతి. మీ షాపు దాటి బయటికెళ్లే ప్రతి వస్తువు మీద, రిపేరుకొచ్చినదాని మీద కూడా, షాపు పేరు, ఫోను, ఇచ్చిన తేదీ ఉన్న చిన్న స్టిక్కరు ఉండాలి. మామూలు కాగితం స్టిక్కరు ఏడాదికి చెరిగిపోతుంది, వినైల్ తీసుకోండి. డెస్క్‌టాప్‌కు ముందు వైపు, యూపీఎస్‌కు పైన, ప్రింటర్‌కు పక్కన. ల్యాప్‌టాప్‌కైతే అడాప్టర్ మీద, సీరియల్ నంబర్ మూయకుండా. గాలి రంధ్రాల మీద అసలు అంటించకండి. నకరికల్లులో ఒక మీసేవ కేంద్రంలో కౌంటర్ మీదున్న ప్రింటర్ పక్కన మీ నంబరు ఉంటే, ఏడాది పొడవునా క్యూలో నిలబడ్డవాళ్లందరికీ అది కనపడుతుంది. ఆ కేంద్రం నడిపే మనిషినే ఊళ్లోవాళ్లు "ఏ కంప్యూటర్ కొనాలి బాబూ" అని అడిగేది. ట్యాలీ రాసే అకౌంటెంట్లు, స్కూలు కరస్పాండెంట్లు కూడా అంతే. వాళ్లకు కమీషన్ ఆశ చూపకండి, వాళ్ల ఫోను మొదట ఎత్తండి, వాళ్ల ప్రింటర్ ఆగితే ఆ రోజే బాగుచేయండి.

బల్క్ ఎస్ఎంఎస్‌కు నంబర్ల జాబితా అమ్ముతామని వస్తారు. వద్దు. ప్రచార సందేశాలకు డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల నమోదు వ్యవస్థ) నమోదు తప్పనిసరి, పైగా ఆ జాబితాలో ఎవరున్నారో మీకు తెలియదు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ అయినా మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, ఒక్కో జాబితాకు 256 మంది. బిల్లు ఇచ్చేటప్పుడే "మా నంబరు సేవ్ చేసుకోండి, వారంటీ అయ్యే ముందు గుర్తుచేస్తాం" అని అడిగి తీసుకున్న ఆ కొద్దిమంది చాలు.

పాంప్లెట్లు పూర్తిగా మానేయనక్కరలేదు. పదివేలు కాకుండా 1,500, ఏ5 సైజు. ఒకవైపు బస్టాండ్ నుంచి దారి మ్యాప్, రెండోవైపు మూడే వస్తువులు. పేపర్ ఏజెంట్‌తో ఏ లైన్‌లో వేయాలో మీరే చెప్పండి, ఆ తెల్లవారుజామున మీ మనిషి దగ్గరుండి పెట్టించాలి. తర్వాత ఆ లైన్‌లో నాలుగిళ్లకు ఫోన్ చేసి అందిందో లేదో అడగండి. కట్టలు కట్టలుగా పాత కాగితాల కొట్టుకు చేరిన పాంప్లెట్ల సంగతి ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. జిల్లా పేజీలో పేపర్ ప్రకటన చదరపు సెంటీమీటర్ల లెక్క, మీ బడ్జెట్‌లో ఏడాదికి ఒకటి రెండుసార్లే కుదురుతుంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీట్లు కేటాయించే వారానికి ఒకటి అట్టేపెట్టండి. దాచిన డబ్బు అందుకే.

కౌంటర్ మీద ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, ఊరు, ఏం అడిగారు, షాపు సంగతి ఎలా తెలిసింది, కొన్నారా. "ఎలా తెలిసింది" అన్న ప్రశ్న ధర చెప్పకముందే అడగాలి, బేరం మొదలయ్యాక ఎవరూ సరిగా చెప్పరు. "ఫోన్లో చూశాం" అంటే మ్యాప్‌లోనా, ఫేస్‌బుక్‌లోనా అని ఇంకో మాట అడిగి రాయండి. కొనకుండా వెళ్లినవాళ్ల వరుస కూడా రాయండి, కారణంతో సహా. మూడు నెలలు నింపాక ఊళ్ల వారీగా లెక్క తీయండి. ముప్పాళ్ల నుంచి ఒక్కరూ రాకపోతే ఆ వృత్తం తీసేసి, ఆ డబ్బు మనుషులు వస్తున్న ఊరి వైపు తిప్పండి. స్టిక్కరు చూసి వచ్చినవాళ్లు గూగుల్ నుంచి వచ్చినవాళ్లకన్నా ఎక్కువుంటే రోజుకు 200ను 120కి దించండి.